రాక్ పాడాలంటే గొంతు బొంగురుపోవాలా?

ప్రశ్న: విశాఖపట్నం గాజువాక నుంచి 24 ఏళ్ల యువకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. శ్రుతి ఒకటి. ఇంజినీరింగ్ స్నేహితులతో ఐదుగురి రాక్ బ్యాండ్ పెట్టుకుని రెండేళ్లయింది. వారానికి మూడు రాత్రులు గోపాలపట్నంలో ఓ రేకుల షెడ్డులో ఎనిమిది నుంచి పదకొండు దాకా రిహార్సల్. పగలు రుషికొండలో వాయిస్ ప్రాసెస్ ఉద్యోగం, ఆరేడు గంటలు హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడటమే పని. లీడ్ గిటారిస్టు “నీది భజన గొంతురా, గరుకు లేకపోతే రాక్ ఎలా అవుతుంది” అనడంతో నాలుగు నెలలుగా గొంతు బిగించి పాడుతున్నారు. మొదట్లో అందరూ శభాష్ అన్నారు. ఇప్పుడు పొద్దున లేస్తే మధ్యాహ్నం దాకా బొంగురే. ఇదివరకు అవలీలగా పట్టిన తారస్థాయి స్వరాల దగ్గర గాలి తప్ప శబ్దం రావడం లేదు. మిరియాల కషాయం, మెంథాల్ బిళ్లలు వాడుతున్నారు. శని, ఆదివారాల్లో గుసగుసగా మాత్రమే మాట్లాడి గొంతుకి విశ్రాంతి ఇస్తున్నారు. రిహార్సల్ నుంచి వచ్చేటప్పుడు ఎన్ఏడీ కూడలి దగ్గర బిర్యానీ తిని పడుకోవడం అలవాటు. ఆరు వారాల్లో బీచ్ రోడ్డులో ఓ హోటల్ లాన్‌లో ప్రోగ్రాం ఉంది: తొమ్మిది పాటలు, అందులో నాలుగు వాళ్లు రాసుకున్న తెలుగు పాటలు. ఈలోగా కీబోర్డు వాయించే అబ్బాయి తన బావమరిదిని తీసుకొచ్చాడు. అతనిది పుట్టుకతోనే జీర గొంతు, శ్రుతి మాత్రం అటూ ఇటూ. బ్యాండ్ అటువైపు మొగ్గుతోంది. అమ్మగారు “ఎనిమిదేళ్ల సాధకం సముద్రంలో కలిపావు” అంటున్నారు, గురువుగారు ఆ పాటలే మానేయమన్నారు. “నా గొంతు రాక్‌కి చెడ్డదా? గరుకు రావాలంటే ఏం చేయాలి? లేక బ్యాండ్ వదిలేయనా?” అని అడిగారు.

సమాధానం: ఈ మూడు ప్రశ్నలకంటే ముందు చూడాల్సింది మీరు మామూలు సంగతిలా రాసేశారు. నాలుగు నెలలుగా బొంగురు! జలుబు చేసినా, ఒకరోజు అరిచినా గొంతు పోతే రెండు మూడు వారాల్లో తిరిగి రావాలి. నాలుగు వారాలు దాటిందంటే ఎవరికైనా ఈఎన్‌టీ డాక్టర్ స్వరపేటికలోకి చూడాల్సిందే. గొంతు మీద బతికేవాళ్లు అన్నాళ్లు కూడా ఆగకూడదు. ఈ వారమే వెళ్లండి. వాల్తేరు వైపు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు క్లినిక్‌లకూ కొదవ లేదు. ఫోన్ చేసినప్పుడు “స్ట్రోబోస్కోపీ ఉందా” అని అడగండి. మామూలు ఎండోస్కోపీలో స్వరతంత్రులు ఎలా ఉన్నాయో కనబడుతుంది. స్ట్రోబోలో అవి కంపించే తీరు నెమ్మదించినట్టు కనబడుతుంది కాబట్టి అంచుల్లో చిన్న వాపు ఉన్నా, ఒకపక్క బిగుసుకున్నా తెలుస్తుంది. “నేను పాడతాను, పై స్వరాల్లో గాలి వస్తోంది” అని చెప్పి, డాక్టర్ ముందు ఆ పై స్వరమే పాడి చూపండి. కింది స్వరంలో “ఈ” అని ఊరుకుంటే అంతా బాగానే కనబడొచ్చు.

సాధారణంగా మూడు రకాల ఫలితాల్లో ఒకటి వస్తుంది. ఒకటి ఉత్త వాపు: వారం, రెండు వారాలు తగ్గించి మాట్లాడి, పాడే పద్ధతి మార్చుకుంటే పోతుంది. రెండోది నాడ్యూల్స్, అంటే రెండు స్వరతంత్రుల మీదా ఎదురెదురుగా లేచే బొడిపెలు. పలుగు పట్టిన చేతికి కాయలు కాచినట్టే, ఎక్కువగా రాసుకునే చోట, ముందు నుంచి మూడో వంతు దగ్గర వస్తాయి. వీటికి మొదటి మందు కత్తి కాదు, స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని వారాల వాయిస్ థెరపీ. మొదటి చూపులోనే ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్‌కి చూపించుకోండి. మూడోది పాలిప్ (సాధారణంగా ఒక్క తంత్రి మీదే లేచే మెత్తటి బొడిపె), లేదా రక్తనాళం చిట్లడం. పాడుతుండగా ఒక్క క్షణంలో గొంతు పోతే అదే అనుమానించాలి, ఆ నిమిషమే నోరు మూసేయాలి. అప్పుడు ప్రోగ్రాం మాటే లేదు. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్‌కి 2006లో గొంతులో రక్తనాళం చిట్లి ఆపరేషన్ అయింది. 2023లో స్వరపేటికే విరిగింది. ఏడాది తర్వాత ఆ బ్యాండ్ టూర్లకి స్వస్తి చెప్పింది. మీకు అంత దాకా వస్తుందని కాదు. అంత పేరున్న గరుకు గొంతు కూడా కండే, ఇనుము కాదని.

ఇంకో మాట, డాక్టర్‌ని స్టెరాయిడ్ ఇంజెక్షన్ అడిగి ప్రోగ్రాం గట్టెక్కించాలని చూడకండి. వాపు ఒక్కరోజు అణుగుతుంది, కింద దెబ్బ అలాగే ఉంటుంది, మీరు దాని మీదే అరుస్తారు.

ఇక ఈ బొంగురు అంతా పాట వల్లేనా? నాకు అనుమానమే. మీ ఉత్తరంలో ముగ్గురు నేరస్థులు కనబడుతున్నారు. బిగించి పాడటం ఒకటి. రాత్రి పదకొండున్నరకి బిర్యానీ తిని పడుకోవడం రెండోది: కడుపులో ఆమ్లం పైకి ఎగదన్ని స్వరపేటిక వెనక భాగాన్ని వాచేలా చేస్తుంది, పొద్దున బొంగురుగా ఉండి పొద్దెక్కేకొద్దీ తేలిపోవడం దానికి బాగా సరిపోయే లక్షణం. గుండెల్లో మంట ఉండి తీరాలని లేదు. మూడోది ఏసీ గదిలో ఆరేడు గంటల ఫోన్ మాటలు. వారానికి మూడు రిహార్సల్స్ తొమ్మిది గంటలు. ఉద్యోగం ముప్పై పైచిలుకు. లెక్కలో పాట చిన్నది, నింద మాత్రం దాని మీదే పడింది.

విడదీయడం కష్టం కాదు. రెండు వారాలు రోజుకు మూడు సార్లు, లేవగానే ఒకసారి, ఆఫీసు నుంచి రాగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, ఫోన్లో రికార్డు చేసుకుంటూ ఇలా చేయండి. మధ్యస్థాయి పంచమం నుంచి పైకి, వీలైనంత మెల్లగా, పక్క గదికి వినబడనంత సన్నగా “ఊ” అంటూ ఒక్కో మెట్టు ఎక్కండి. గట్టిగా పాడితే వాపుని బలంతో దాటేస్తాం. మెల్లగా పాడినప్పుడు అది దాక్కోలేదు. శబ్దం కంటే ముందు గాలి వచ్చినచోట ఆగి, ఆ స్వరం పేరు రాసుకోండి. రాత్రి షెడ్డు నుంచి వచ్చాక ఆ హద్దు రెండు మూడు స్వరాలు కిందికి దిగితే పాటే కారణం. రిహార్సల్ లేని రోజుల్లోనూ పొద్దున్నే దిగి ఉంటే భోజనం. ఆఫీసు నుంచి రాగానే దిగితే ఉద్యోగం. ఈ పట్టీని డాక్టర్‌కీ చూపండి.

ఈలోగా రాత్రి భోజనం రిహార్సల్‌కి ముందు, ఏడు లోపే, తేలిగ్గా చేసేయండి. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కోళ్ల కింద అర అడుగు ఎత్తు పెట్టండి. దిండ్లు పేరిస్తే మెడ వంగడం తప్ప లాభం లేదు. కషాయం హాయిగా ఉంటే తాగండి, కానీ తాగినదేదీ స్వరతంత్రులకి తగలదు. తగిలిందంటే పొలమారినట్టే. నీళ్లు ఒంటబట్టి అక్కడికి చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి స్టేజి ఎక్కేముందు గడగడా తాగడం కన్నా పొద్దుటి నుంచి కొంచెం కొంచెం తాగడమే పని చేస్తుంది. నేరుగా తడిపేది ఆవిరి ఒక్కటే: వట్టి వేడినీళ్ల ఆవిరి, అందులో ఏ ఘాటు మందూ వేయకుండా. వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ, అది మీ అదృష్టం. ఆ అదృష్టాన్ని మీ ఆఫీసు ఏసీ తీసేస్తోంది. మెంథాల్ బిళ్లలు మానేయండి, ముఖ్యంగా గొంతు మొద్దుబార్చేవి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. గుసగుసలు కూడా చాలామందికి శ్రమే. విశ్రాంతి అంటే నోరు మూసుకోవడం, లేదంటే మామూలు గొంతుతో తక్కువ మాట్లాడటం.

ఇక అసలు ప్రశ్న, రాక్‌లో మంచి గొంతు ఏది? మీ గిటారిస్టు “గరుకు” అన్నాడు, గురువుగారు దాన్నే “పాడైపోవడం” అన్నారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. గరుకు రాక్‌లో ఒక రంగు మాత్రమే. హెవీ మెటల్ గాయకులు రోనీ జేమ్స్ డియో, బ్రూస్ డికిన్సన్‌ల గొంతుకి మొదటి బలం నిండుగా, స్పష్టంగా, గురి తప్పకుండా వచ్చే స్వరం. బాబ్ డిలాన్‌ది తీపి గొంతని ఎవరూ అనరు, కానీ మాటని ఏ క్షణంలో వదలాలో ఆయనకి తెలుసు. జానిస్ జోప్లిన్‌ గొంతు చిరిగిపోతున్నట్టుంటుంది, అయినా ఆ చిరుగు ఎక్కడ మొదలవ్వాలో ఎక్కడ ఆగాలో ఆమె చేతిలోనే ఉంటుంది. పోలిక లేని ఈ గొంతుల్లో ఉమ్మడిగా ఉన్నది తీపీ కాదు, జీరా కాదు. పాట అడిగిన చోట అడిగినంత ఇవ్వగలగడం. నా కొలత ఇదొక్కటే: గరుకు కావాలన్నప్పుడు వచ్చి వద్దన్నప్పుడు పోతే అది మంచి గొంతు. వద్దన్నా ఉండిపోతే అది రోగం, వినడానికి ఎంత బాగున్నా సరే. మీది నాలుగు నెలల కిందట మొదటి రకం కాకపోవచ్చు, ఇప్పుడు మాత్రం రెండో రకం వైపు నడుస్తోంది.

క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు మీద యూరప్ పరిశోధకులు 2016లో ఒక విశ్లేషణ ప్రచురించారు. ఆయన మాట్లాడే శ్రుతి సగటున 117 హెర్ట్జ్ దగ్గర, అంటే మధ్యరకం మగ గొంతు. పాడింది మాత్రం పై స్థాయి గాయకుడిగా. ఆయన గరుకుని అనుకరించిన ఓ రాక్ గాయకుడి స్వరపేటికని హైస్పీడ్ కెమెరాతో తీస్తే తేలిందేమిటంటే, అసలు స్వరతంత్రులతో పాటు వాటి పైనున్న మరో జత మడతలు కూడా కంపిస్తున్నాయి. ఆ పై మడతలు మామూలు పాటలో పక్కకి తప్పుకుని ఉంటాయి. మీకు అర్థం కావాల్సింది ఇదే. నిలిచే గరుకు అసలు తంత్రుల్ని ఒకదానికొకటి రుద్దడం వల్ల రాదు. కింద స్వరం శుభ్రంగా మోగుతుంటే, పైన ఉన్నవి తోడు పలుకుతాయి. మీరు చేస్తున్నది దీనికి తిరగేసి: కింది తంత్రుల్నే బిగించి, మరింత గాలి తోస్తున్నారు. తారస్థాయి పంచమం దగ్గర అవి సెకనుకి 392 సార్లు కొట్టుకుంటాయి. బిగించి కొట్టిస్తే మూడు గంటల్లో ఏమవుతుందో మీ పొద్దుటి గొంతే చెబుతోంది.

నేర్చుకోవడం వీలే, ఆరు వారాల్లో మాత్రం కాదు. డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టండి. నిద్ర లేచాక వచ్చే కిర్రుమనే అడుగు శబ్దంతో, చాలా మెల్లగా, ఒక అకారాన్ని కలపండి. స్వరం మీ మామూలు గొంతులో సగం శబ్దం దాటకూడదు. ఊపిరి తక్కువ, నవ్వు ముఖం, మెడ ఖాళీగా. కిర్రు అలా ఉండగానే స్వరం శుభ్రంగా వినబడాలి. స్వరం చెరిగిపోయి కిర్రు మాత్రమే మిగిలితే బిగించేశారని అర్థం. రోజుకి ఐదు నిమిషాలు, అంతే. గొంతులో గీర, దగ్గు, మంట, ఏది వచ్చినా ఆ రోజుకి కట్టేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందనే సలహా జిమ్ములో చెప్పుకోవచ్చు, ఇక్కడ కాదు. ఎదురుగా చూసి సరిదిద్దే టీచర్ ఉంటే మూడు నుంచి ఆరు నెలల్లో ఒక మాట చివరనో, ఒక కేక మొదట్లోనో చల్లుకునేంత గరుకు వస్తుంది. పాట మొత్తం పూసే పని ఎవరికీ అవసరం లేదు. పెద్ద గాయకుల రికార్డుల్లో కూడా జాగ్రత్తగా వింటే గరుకు నాలుగైదు మాటల మీదే ఉంటుంది. మిగతాది మన చెవి నింపుకుంటుంది.

గిటారిస్టుకి మీ గొంతు “భజన”లా వినబడటానికి కారణం శుభ్రత కాకపోవచ్చు. కర్ణాటకంలో పెరిగిన గొంతు స్వరంలోకి కింది నుంచి జారుతూ వెళుతుంది. రాక్‌లో స్నేర్ డ్రమ్ దెబ్బ పడే చోటికే అచ్చు చేరుకోవాలి, హల్లు అంతకు ముందే అయిపోవాలి. జారితే ఆ వెంట్రుకవాసి ఆలస్యం వల్ల పాట మెత్తగా తోస్తుంది. ఒక పాటని డ్రమ్స్‌తో మాత్రమే, గిటార్ లేకుండా, పాడకుండా తాళంలో పలుకుతూ రికార్డు చేసి వినండి. రెండోది, మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒకే బలం. చరణం మైక్‌కి దగ్గరగా మాట్లాడినట్టు పాడితే పల్లవి అరవకుండానే పెద్దదవుతుంది.

గమకాన్ని మొత్తంగా వదలకండి, చోటు మార్చండి. స్వరం నిటారుగా మొదలై చివర వంగాలి. మీ గిటారిస్టు సోలో వాయించే మైనర్ పెంటటోనిక్ మీకు శుద్ధ ధన్యాసి. బ్లూస్‌లో ప్రాణం పోసే ఆ వంకర గాంధారం సాధారణ, అంతర గాంధారాల నడిమి చోట ఉంటుంది. అతను తీగ లాగి పట్టుకునే ఆ స్వరాన్ని మీరు గొంతుతో పట్టగలరు. వచ్చే రిహార్సల్‌లో ఆయన సోలోని ఒక్కో వాక్యంగా గొంతుతో తిరిగి చెప్పండి. భజన మాట మళ్లీ రాకపోవచ్చు. పైగా ఉత్తరాంధ్రలో ఊరి మైదానంలో పద్యనాటకం ఆడి, జముకుల కథ చెప్పి, తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టిన గొంతులు ఉన్నాయి. బలమైన పాట మనకి కొత్తదేమీ కాదు, గురువుగారితో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది.

తెలుగు పాటల విషయంలో ఒక చిన్న సంగతి. మన హ్రస్వాన్ని పైస్వరం మీద సాగదీస్తే మాట మారిపోతుంది: “పడి” కాస్తా “పాడి” అవుతుంది. పల్లవిలో ఎత్తైన స్వరం ఆ, ఏ, ఓ లాంటి దీర్ఘాల మీద పడేలా మాటలు సర్దుకోండి. ఇకార, ఉకారాలు పైన నోరు మూసేస్తాయి, అక్కడే మీరు బిగిస్తారు.

ఇప్పుడు శ్రుతి లెక్క, ఎందుకంటే నాకు అసలు తప్పు ఇక్కడే ఉందనిపిస్తోంది. మీ శ్రుతి ఒకటి, అంటే షడ్జమం సి మీద, కాబట్టి తారస్థాయి పంచమం పాశ్చాత్య లెక్కలో జి4. కచేరీలో సాధారణంగా అంతకు పైకి పోవాల్సిన పనిలేదు. మీరు పాడే ఇంగ్లిష్ పాటలు ఎ4, బి4 దాకా వెళ్తాయని రాశారు. అంటే తారస్థాయి ధైవతం, నిషాదం. చాలామంది మగ గొంతుల్లో డి4 నుంచి ఎఫ్ షార్ప్ 4 లోపు, మీ లెక్కలో తార రిషభ మధ్యమాల నడుమ, గొంతు బరువైన తీరు నుంచి పలచటి తీరుకి మారాలి. మారకుండా కింది బరువునే పైకి మోసుకెళ్తే శ్రుతి తగ్గుతుంది, మెడ నరాలు లేస్తాయి, చివరికి గొంతు పగులుతుంది. ఎనిమిదేళ్లలో మీకు ఎవరూ ఆ పై గది తలుపు చూపించలేదు, దాని అవసరం రాలేదు కాబట్టి. రోజూ పది నిమిషాలు తార పంచమం దగ్గర పలచటి “ఊ”తో మొదలుపెట్టి మధ్య పంచమం దాకా దిగండి, ఎక్కకండి. దిగేటప్పుడు బరువు తనంతట తనే చేరుతుంది. తర్వాత అదే దారిలో వెక్కిరిస్తున్నట్టు “న్యా న్యా” అనండి. కాస్త చిరాకుగా వినబడే ఆ కొస మూడు వేల హెర్ట్జ్ ప్రాంతంలో శక్తి పెంచుతుంది, చెవికి అదే బాగా తగులుతుంది, తక్కువ గాలితో గొంతు గిటార్ల మీదుగా వినబడుతుంది. ముక్కు మూసి అందులోని “ఆ” అచ్చుని మాత్రమే పాడి చూడండి. ధ్వని మారిపోతే ముక్కుతో పాడుతున్నారని అర్థం, మారకపోతే సరైన దారి.

ఇవన్నీ పట్టుబడే లోపు గిటార్ల శ్రుతిని కిందికి దించండి. హాఫ్ స్టెప్ డౌన్ (కీబోర్డు మీద ఒక మెట్టు) చేస్తే గిటారిస్టుకి పోయేదేమీ లేదు. హెండ్రిక్స్, గన్స్ ఎన్ రోజెస్ అలాగే వాయించారు, ఈ మాట ఆయనతో తప్పక అనండి. ఫుల్ స్టెప్ (రెండు మెట్లు) దించితే పది గేజ్ తీగలు వదులవుతాయి, కాస్త లావుగా ఉండే పదకొండు వేసుకోవాలి. ఫ్లోటింగ్ బ్రిడ్జ్ (తీగల్ని పట్టి ఉంచే, స్ప్రింగుల మీద కదిలే భాగం) ఉన్న గిటారైతే ముందు రోజే సర్ది పెట్టుకోవాలి. కీబోర్డు అబ్బాయికి ఒక్క మీట. రెండు మెట్లు దిగితే బి4 మీకు ఎ4 అవుతుంది. అప్పటికీ అందని ఒకటి రెండు పాటలు జాబితాలోంచి తీసేయడమే.

షెడ్డు సంగతి. రేకుల కింద డ్రమ్స్ మోత వంద డెసిబెల్స్ దాటడం మామూలే. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు, సంకల్పంతో ఆపలేం, పరిస్థితి మార్చాలి. స్పీకరు మైక్‌కి వెనకపక్కన, మీ మొహం వైపు తిరిగి ఉండాలి. ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ మైక్ అటువైపు వినదు కాబట్టి కూత పెట్టదు. మైక్ గూటిని పిడికిలితో మూయకండి. స్టయిలుగా ఉంటుంది కానీ వెనక చిల్లులు మూసుకుపోయి కూత, బొంగురు రెండూ వస్తాయి. పెదవికి రెండు వేళ్ల దూరం, కేకకి జానెడు. మిక్సర్‌లో మీ చానల్‌కి వంద హెర్ట్జ్ దగ్గర లో కట్ (అడుగు మోతని తీసేసే మీట) నొక్కండి. గిటార్ ఆంప్‌ని నేల మీంచి కుర్చీ ఎక్కించి వాయించేవాడి చెవికి తిప్పండి. ఇన్నాళ్లూ అది ఆయన మోకాళ్లకి వాయిస్తోంది, అందుకే ఆయన వాల్యూం పెంచుతున్నాడు. తర్వాత ఆంప్‌లో మిడ్ కాస్త తగ్గించమనండి. డ్రమ్మర్‌కి కర్రల బదులు రాడ్స్ (సన్నటి పుల్లల కట్టలు), స్నేర్ మీద మడిచిన గుడ్డ. ఒక చెవిలో ఇయర్‌ప్లగ్ పెట్టుకుంటే మీ గొంతు ఎముకల గుండా లోపల వినబడుతుంది. మూడు గంటల్లో మీరు పూర్తి గొంతుతో పాడేది నలభై నిమిషాలు మించకూడదు. వాళ్లు పాటలో ఒకే ముక్కని పది సార్లు సరిచేసుకుంటుంటే మీరు పది సార్లు పాడక్కర్లేదు, పెదవులు కదిలిస్తే చాలు.

పాడేముందు పది నిమిషాలు కూల్‌డ్రింక్ స్ట్రాతో, గ్లాసు నీళ్లలో రెండంగుళాల లోపు ముంచి, బుడగలు వచ్చేలా “ఊ” అంటూ కిందికీ పైకీ జారండి. ఎదురొత్తిడి వల్ల తంత్రులు ఒకదానికొకటి గట్టిగా తగలకుండానే సాగుతాయి. రిహార్సల్ అయ్యాక ఇంటికి బయల్దేరే ముందు ఇదే ఐదు నిమిషాలు. ఆఫీసు బ్రేకుల్లో వట్టి స్ట్రాతో ఒక నిమిషం చేసినా లాభమే, చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

ప్రోగ్రాం విషయంలో మీ ముందు కొన్ని దారులు ఉన్నాయి. డాక్టర్ ఉత్త వాపు అంటే రెండు వారాలు రిహార్సల్‌లో పాడకుండా కూర్చుని, తర్వాత దించిన శ్రుతిలో, శుభ్రమైన గొంతుతో ఏడు పాటలు చేయొచ్చు. బరువైనవి రెండు వరసగా రానివ్వకండి, మధ్యలో వాద్యాల పాట ఒకటి పెట్టండి. బీచ్ లాన్‌లో గోడలుండవు, మీ గొంతు మీకు తిరిగి రాదు, సాయంత్రం సముద్రం గాలి మైక్‌లో బుసకొడుతుంది. మానిటర్ (మీ గొంతు మీకు వినిపించే స్పీకరు) దగ్గరగా, మైక్‌కి స్పాంజి తొడుగు ఉండాలని నిర్వాహకులకి ముందే చెప్పండి. దీనివల్ల నష్టం ఏమిటంటే గరుకు ఆశించిన మీ వాళ్లు ఆ రాత్రికి కొంత నిరాశపడొచ్చు.

రెండో దారి, ఆ బావమరిదిని పోటీగా కాక రెండో గొంతుగా తీసుకోవడం. జీర కావాల్సిన నాలుగు చోట్ల అతను, రాగం నిలబడాల్సిన చోట మీరు. రాక్‌లో రెండు గొంతుల బ్యాండ్లకి కొరత లేదు. శ్రుతి విషయంలో అతనికి మీ అవసరం ఉంటుంది. అతనిది పుట్టుకతో వచ్చిన జీర గొంతో, దెబ్బతిన్న గొంతో తెలియదు కాబట్టి అతన్నీ డాక్టర్‌కి చూపించుకోమనడం మర్యాదే. ఈ దారిలో చిక్కు ఒకటి: ఎవరు ఏ పాట అన్నది ముందే కాగితం మీద రాసుకోకపోతే నెలలో గొడవ వస్తుంది. నాడ్యూల్స్ అని తేలితే మాత్రం నాకు ఇదే మెరుగనిపిస్తుంది. థెరపిస్టు ఒప్పుకున్నన్ని పాటలు, మూడో నాలుగో, మీరు పాడి మిగతావి అతనికి వదలండి.

మూడోది, ఈ ప్రోగ్రాం వదులుకోవడం. రక్తస్రావం, పాలిప్ అంటే ఇందులో ఎంపిక లేదు. లేకపోయినా, వాళ్లు శ్రుతి దించం, శబ్దం తగ్గించం, గరుకే కావాలి అంటే ఇదే మిగులుతుంది. ఒక ప్రోగ్రాం పోవడం బాధే, స్నేహాల్లో కూడా కొంత చేదు చేరొచ్చు. బ్యాండ్ వదలడమనేది దీని తర్వాతి ప్రశ్న, ఇప్పుడే తేల్చక్కర్లేదు. డాక్టర్ రిపోర్టు, రెండు వారాల పట్టీ చేతికొచ్చాక, శ్రుతి దించి తీసిన ఒక రికార్డింగు వాళ్లకి వినిపించాక, మిగతా నలుగురూ ఏమంటారో చూసి తేల్చుకోండి. మాటలతో వాదించడం కంటే మీ పాత శ్రుతిలో ఒకసారి, కొత్త శ్రుతిలో ఒకసారి ఒకే పల్లవి ఫోన్లో రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించండి.

అమ్మగారికి మాత్రం రిపోర్టు రాగానే చూపించండి, ఏమని వచ్చినా సరే. గురువుగారి దగ్గరికి వెళ్తే పాట మానాలా వద్దా అని అడగకండి, సమాధానం మీకు తెలుసు. తార పంచమం దాటాక గొంతు ఎలా పలచన చేయాలో అడగండి. పొద్దున పూట మంద్రస్థాయి సాధన మళ్లీ మొదలుపెడతానని కూడా చెప్పండి. మెల్లగా, తక్కువ ఊపిరితో చేసే ఆ సాధన ఇప్పుడు మీ గొంతుకి మందుతో సమానం.